తట్టి పిలవాలి

దేవేంద్రకి స్కిజోఫ్రీనియా. మందులు వాడుతున్నా, అప్పుడప్పుడు లేని గొంతులు పిలుస్తుంటాయి. అందుకే నెల్లిమర్లలో మేం గోనెసంచులు కుట్టే షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. దేవేంద్రని భుజం తట్టే పిలవాలి. తట్టని పిలుపు అతను పట్టించుకోడు.

ఈ ఉదయం మేస్త్రీ గుమ్మంలోంచే అరిచాడు.

"ఒరే దేవేంద్రా! నీ ఉద్యోగం పర్మనెంటురా!"

దేవేంద్ర తలెత్తలేదు. మిషను తొక్కుతూనే ఉన్నాడు.

ఎన్నిసార్లు చెప్పినా ఆ మేస్త్రీ బుర్రకెక్కదు! నేను కుట్టు వదిలేసి పరిగెత్తాను. వెనకే షెడ్డంతా పరిగెత్తింది. అందరం అతని భుజాల మీద పడ్డాం.

"నిజమేరా! మేస్త్రీయే సెప్తన్నాడు!"

మా చేతుల కింద దేవేంద్ర పగలబడి నవ్వాడు.

"ఇనగానే తెలిసిందర్రా! ఆ గొంతులు నాకెప్పుడైనా మంచిమాట సెప్పాయేటి? మీరొచ్చి తడతారని సూస్తన్నాను!"