పైకప్పు కింద అడిగిన మాట

నేను ఒక టోపీ దీపాన్ని. బొగ్గుబావిలోకి దిగే మనిషి టోపీకి ముందువైపు తగిలిస్తారే, ఆ దీపాన్ని. నడుముకు కట్టిన బ్యాటరీ నుంచి వీపు మీదుగా ఒక తీగ నాదాకా వస్తుంది. చీకట్లో బతకడానికే నన్ను తయారు చేశారు. అయినా చీకటంటే నాకు మొదటినుంచీ భయమే.

తూర్పున ఏదో పట్నంలో, బల్లల ముందు వరుసగా కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లో పుట్టాను. ఒకామె తీగ అతికింది. ఇంకొకామె అద్దం బిగించి, కొంగుతో తుడిచి, ఒకసారి వెలిగించి చూసి నవ్వింది. నేను వెళ్లబోయే చోటికి ఆమె వెళ్లాలన్నా అప్పటి చట్టం ఒప్పుకోదని నాకు తెలియదు.

గోదావరి ఒడ్డునున్న ఒక బొగ్గుబావి దీపాల గదిలో నన్ను మొదట అందుకున్నవాడు రాజేశం. బొగ్గు ఎత్తేవాడు. ఏటవాలు దారిలో దిగుతున్నంతసేపూ గొంతెత్తి పాడేవాడు. "రాజేశంకు బెదురే లేదురా" అనేవాళ్లు తోటివాళ్లు. అతని నుదుటిని అంటుకుని ఉన్నదాన్ని నేను. పాట ఎంత పెద్దదైతే కణతల్లో నెత్తురు అంత గట్టిగా కొట్టుకునేది. రిటైరైన రోజు నన్ను బల్లమీద పెట్టి, పాడకుండా వెళ్లిపోయాడు.

తర్వాత ఎందరి నెత్తిన తిరిగానో! అందరి కణతలూ ఒకేలా కొట్టుకునేవి. పైకి వచ్చాక ఒక్కరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు.

ఆడవాళ్లు కూడా కింద పనిచేయొచ్చని నిబంధన మారాక జ్యోత్స్న వచ్చింది. ఆమె నాయనమ్మ ఇదే బావి దగ్గర, పైన, బొగ్గులోంచి రాళ్లు ఏరేదట. జ్యోత్స్న మైనింగ్ డిప్లొమా చదివి, ఓవర్‌మన్ పరీక్ష పాసై, ఒక జట్టు మంచిచెడ్డలు చూసే పనిలో చేరింది. ఆమెను ఏమని పిలవాలో ఎవరికీ తోచలేదు. చివరికి "ఓవర్‌మన్ మేడమ్" అన్నారు. అందులోని తిరకాసు వాళ్లకు పట్టలేదు.

"రెండు దినాలు తిరిగి పోతది. పాత బత్తి ఇయ్యిరా" అన్నాడు దీపాల గదిలో ఒకడు. అలా నేను ఆమెకు దక్కాను.

బెల్టు ఆమె నడుముకు వదులు. బూట్లు పెద్దవి, మడమల దగ్గర గుడ్డలు కుక్కుకునేది. ఒంటరిగా దిగకూడదు, తోడు ఆడవాళ్లుండాలని నిబంధన. సర్వే పనిచేసే నస్రీన్, ఇంకొకామె వస్తేనే దిగేది. వాళ్లలో ఎవరైనా సెలవు పెడితే పైనే కూర్చోవాలి. "ఇయ్యాల మేడమ్‌కు దావతే" అని నవ్వుకుంటూ మగవాళ్లు దిగిపోయేవారు. కింద ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అందుకని ఆమె పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసింది. మధ్యాహ్నానికి ఆమె నుదురు నాకు పెనంలా తగిలేది.

ఒకరోజు ఇనుపకడ్డీతో పైకప్పును తట్టి చూసింది. గట్టి కప్పు ఖంగుమంటుంది. అది డొల్లగా మోగింది. మళ్లీ తట్టింది. ఆమె మెడ మీది నరం నా తీగకు కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"అందరు బయటికి నడువుండ్రి" అంది.

చిన్న మేనేజరు వచ్చి తట్టి చూశాడు. ఆయనకు కప్పు గట్టిగానే వినిపించింది. అందర్నీ మళ్లీ లోపలికి పంపాడు. ఆ రోజు ఏమీ జరగలేదు.

"నీళ్లు తాగవట గదమ్మా. కండ్లు తిరిగి ఏదో ఇనబడ్డట్టుంది" అన్నాడు మేనేజరు, పదిమందిలో. "ఇట్ల బెదిరితే రేపు ఇంకో ఆడపిల్లను దింపుమని నేను ఎవర్నడగాలె?"

చుట్టూ ఉన్న జట్టువాళ్లు నవ్వారు. షిఫ్టు అయ్యాక ఆమె నన్ను తీసి దీపాల గదిలో బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒక పగటి షిఫ్టులో, కప్పుకు దన్ను కొయ్యలు నాటే మొండయ్య జట్టు లోపల పనిలో ఉంది. నస్రీన్ వాళ్లు అవతలి దారిలో కొలతలు తీస్తున్నారు. జ్యోత్స్న కడ్డీ ఎత్తి తట్టింది. ఖంగుమంది. పక్కకు జరిగి తట్టింది. అక్కడా ఖంగుమంది. అయినా కదల్లేదు. నా వెలుగులో సన్నటి దుమ్ము రాలుతోంది. రోజూ రాలే దుమ్మేనా, కొత్తదా? ఎక్కడో కొయ్య కిర్రుమంది. కొయ్యేనా, నీళ్లు తాగక తన చెవుల్లో మోగే హోరా? నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఈసారి కూడా వట్టిదే అయితే తనతోపాటు నస్రీన్ కూడా ఇంటికే. ఆమె తల ఎటు తిరిగితే నేను అటు చూడాల్సిందే. కప్పు మీది నుంచి ఆమె చూపు తీయలేదు. నన్ను ఆర్పేస్తే బాగుండుననిపించింది.

ఉన్నట్టుండి ముసలి మొండయ్య వైపు తిరిగింది.

"మొండయ్య మామా, నీకు భయమైతలేదా?"

కొయ్య మీద సుత్తి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట కింద ఎవరూ ఎవర్నీ అడగగా నేను వినలేదు. నా వెలుగు మొండయ్య ముఖం మీద పడింది. అతను కళ్లు చికిలించాడు.

"ఐతాంది బిడ్డా" అన్నాడు మెల్లగా. "పొద్దుగాల్నుంచి ఐతాంది."

"మరి చెప్పలేదేంది?"

"ఎట్ల చెప్తం? నవ్వుతరు గదా."

"నాగ్గూడ ఐతాంది మేడమ్" అన్నాడు వెనకనుంచి శంకర్. ఆ రోజు మేనేజరు మాటకు అందరికంటే గట్టిగా నవ్వినవాడే.

"సామాను ఆడనే ఇడిసిపెట్టుండ్రి. నడువుండ్రి" అంది జ్యోత్స్న.

నడిచారు. చివరివాడు మలుపు దాటాక తను దాటింది. వెనక పెద్ద శబ్దం. శబ్దం కంటే ముందు గాలి వచ్చింది. ఆ గాలి అందర్నీ చెల్లాచెదురుగా విసిరేసింది, ఆమె ఎగిరి గోడకు కొట్టుకుంది. తీగ తెగి, టోపీతో సహా దొర్లి, అద్దం పగిలి ఆరిపోయాను. చీకటి. దుమ్ములో తక్కిన దీపాలు కూడా మినుకుమినుకుమనడం తప్ప ఏమీ చూపలేదు.

ఆ చీకట్లో ఆమె గొంతు విన్నాను. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. దగ్గుతూ పలికారు. శంకర్ పలకలేదు.

"శంకర్!" అని మళ్లీ పిలిచింది. వెనక్కి, రాళ్ల వైపు, చేతులతో నేల తడుముకుంటూ పాకుతున్న చప్పుడు.

"వద్దు బిడ్డా, ఇంకా పడుతాంది" అని మొండయ్య ఏడ్చాడు.

ఆమె చేతికి ఒక బూటు తగిలిందట, తర్వాత ఒక కాలు. కాలు వణుకుతోంది. శంకర్ గోడకు అతుక్కుని కూర్చున్నాడు. దెబ్బ ఏమీ లేదు. భయంతో మాట పడిపోయిందంతే. ఆమె అతని చేయి పట్టుకుని లాక్కొచ్చింది. తన భుజం ఎముక విరిగిందని పైకి వచ్చాకే తెలిసింది.

విచారణ గదిలో పగిలిన నన్ను కూడా బల్లమీద పెట్టారు. కట్టు కట్టుకుని వచ్చిన జ్యోత్స్నను అధికారి అడిగాడు: "ఏ గుర్తు చూసి బయటికి రమ్మన్నారు? కప్పు డొల్లగా మోగిందా?"

అవునని చెప్పమని బయట అందరూ నేర్పారు. చెబితే సరిపోయేది.

"లేదు సార్. గట్టిగానే మోగింది. నాకు భయమేసింది."

చిన్న మేనేజరు తల దించుకున్నాడు. అధికారి కలం ఆగిపోయింది. భయాన్ని ఏ మాటతో రాయాలో ఆయనకు తోచినట్టు లేదు. అప్పుడు తలుపు దగ్గర నుంచి మొండయ్య అన్నాడు: "అందరికి ఐంది సార్. ఆ బిడ్డ అడిగింది, మేం చెప్పినం."

నేను మళ్లీ వెలగలేదు. శిక్షణ కేంద్రంలో ఒక అద్దాల బీరువాలో పెట్టారు. కింద చీటీ మీద "అసమాన ధైర్యానికి గుర్తు" అని రాశారు. చదివినవాళ్లు నా వైపు గౌరవంగా చూస్తారు. నాకు సిగ్గేస్తుంది.

భుజం అతుక్కున్నాక జ్యోత్స్న మళ్లీ దిగుతోంది. కింద మరుగుదొడ్డి కట్టారట. బెల్టులు మాత్రం ఇంకా పెద్దవే. నిన్న కొత్తగా చేరిన అమ్మాయిలను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లలో ఒక సన్నటి పిల్ల ఆ చీటీ చదివి, గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, భయం ఎన్ని దినాలకు పోతది?"

జ్యోత్స్న ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"నాకింకా పోలే" అంది.

బయట షిఫ్టు సైరన్ మోగింది. జ్యోత్స్న బెల్టు బిగించుకుంటుంటే కొక్కెం దగ్గర ఆమె వేళ్లు వణికాయి. ఆ పిల్ల చూసింది. తనూ బెల్టు బిగించుకుని, ఆమె వెనకే నడిచింది.