తొట్లు బోర్లించిన రోజు

ఇలా దగ్గరికి జరగండి, గోడకి ఆనుకుని కూర్చోండి. పందుల కొట్టం కథేమిటని ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోండి గానీ, చెవులు మాత్రం తెరిచి ఉంచండి.

తెల్లవారుతుండగా కాటా బాబాయ్ మూడు గదుల్లో తొట్లు నింపేశాడు. తవుడు బకెట్టు మోకాలికి ఆనించుకుని, నాలుగో గదిలో బోర్లా పడుకున్న తొట్టిని తిప్పబోతూ ఆగిపోయాడు. దీన్నెవరు బోర్లించారు?

తనే. నిన్న సాయంత్రం నాలుగింటినీ తన చేతులతోనే బోర్లించాడు. సంతకు పంపే రోజు పందులకు నీళ్లే తప్ప మేత పెట్టకూడదు. ఎవరైనా మరిచిపోయి పెడతారేమోనని ముందురోజే తొట్లు తలకిందులు చెయ్యడం అక్కడి పద్ధతి. మిగతావాళ్ల మతిమరుపు మీద నమ్మకం లేక ఆ పద్ధతి పెట్టింది కూడా ఆయనే. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే తవుడు పోసిన చేతులు ఈరోజు ఆయన్నడక్కుండానే పని చేసుకుపోయాయి. ఇరవై నాలుగు పందులు మూతులు ముంచి చప్పరిస్తున్నాయి.

ఆయన పొట్టి మనిషి. ఎడమ బొటనవేలికి గోరు లేదు, ఒక పంది కొరికేసింది. ఒంటికి పట్టిన వాసన ఏ సబ్బుకూ లొంగేది కాదు. బస్సెక్కితే పక్క సీటు ఖాళీ. "హాయిగా కాళ్లు చాపుకోవచ్చు" అనేవాడు. పెళ్లీ కుదరలేదు, ఆయనా పట్టించుకోలేదు. పంది మాంసం మాత్రం ఇష్టంగా తినేవాడు. పెంచినవాడికి సిగ్గెందుకనేవాడు. పందిని ఒక్కసారి చూసి బరువు చెబితే, కాటా మీద కిలో కూడా తేడా వచ్చేది కాదు. ఆ పేరు అందుకే వచ్చింది. వ్యాపారులు ఆయన మాట మీదే సరుకు ఎత్తుకునేవారు.

కొట్టం యజమానురాలు ఆయనకు అన్న కూతురి వరస. సంగతి విని తల పట్టుకుంది.

"నోరెత్తకు బాబాయ్. కడుపు నిండితే బరువే కదా, మనకే లాభం."

"నిండు కడుపుతో ఈ ఎండలో లారీ ఎక్కితే దారిలోనే పోతాయమ్మా."

"పోతే వ్యాపారి చూసుకుంటాడు. సాయంత్రానికి సంతలో పెద్ద ఫారాల లారీలు దిగుతాయట, ధర కూలిపోతుంది. ఈసారి సరైన ధర రాకపోతే మళ్లీ పంది పిల్లల్ని తేలేను, కొట్టానికి తాళమే. అప్పుడు నువ్వెక్కడికి పోతావు?"

ఆయన బకెట్టులో మిగిలిన తవుడు తిరిగి బస్తాలో పోసేశాడు.

తొమ్మిదింటికి వ్యాపారి లారీ దిగాడు. "ఏం కాటా, సగటున ఎంతుంటాయి?"

ఆయన యజమానురాలి మొహం చూశాడు. తర్వాత నేల చూశాడు. "ఇప్పుడు చెప్పలేను. పొద్దున మేత పెట్టేశాను."

"నువ్వా? తొట్లు బోర్లించాలని ఊరందరికీ నేర్పింది నువ్వేగదయ్యా!"

"నేర్పాను. నేనే తప్పాను."

వ్యాపారి గడ్డం గోక్కున్నాడు. "సాయంత్రం దాకా ఆగుతా. ధర మాత్రం సాయంత్రం ధరే. తర్వాత నా మీద ఏడవొద్దు."

యజమానురాలు విసురుగా ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. పందులు పస్తున్న రోజు ఆయనా పస్తుండేవాడు. "మీరైనా తిన్నారు, ఇవాళ పస్తు నేనూ, ఆ నాలుగో గదివాళ్లూనే" అని పందులతో అంటూ, వాటి మీద నీళ్లు చల్లుతూ పొద్దు గడిపాడు.

ఎండ తగ్గాక ఎక్కించారు. అనుకున్నట్టే ధర పడిపోయింది. చివరి పంది లారీకి ఆనించిన బల్ల ఎక్కనని మొండికేసింది. ఆయన దాని తలకి ఖాళీ బకెట్టు తొడిగాడు. కళ్లు మూతపడితే పంది వెనక్కే నడుస్తుంది. తోక పట్టుకుని, పడవను తిప్పినట్టు తిప్పి, వెనక్కి వెనక్కి లారీలోకి నడిపించాడు.

"సంతకి వెనక్కి నడిచిపోయే పంది ఇదొక్కటే!" వ్యాపారి పగలబడి నవ్వాడు. బాబాయ్ కూడా నవ్వాడు. లారీ వెళ్లాక గదులు కడిగి, మెట్టు మీద కూర్చున్నాడు.

దీపాల వేళకు వ్యాపారి యజమానురాలికి ఫోన్ చేశాడు. "అన్నీ బతికే దిగాయి. మధ్యాహ్నం వచ్చిన ఇంకో లారీలో తొమ్మిది చచ్చాయి. వచ్చే విడతకి పిల్లల్ని నేనే పంపిస్తాను, అమ్మకం మాత్రం నాకే. ఆ ముసలాయన మాట చాలు నాకు."

ఆమె టీ పెట్టి పరుగున వచ్చింది. ఆయన తల గోడకి వాల్చి ఉన్నాడు. నిద్రపోయాడనుకుని గ్లాసు పక్కన పెట్టి, మెట్టు కింద కూర్చుంది. "లే బాబాయ్, కోపం పోయింది. తాళం వెయ్యక్కర్లేదట..." అంటూ ఫోన్ సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పింది. తొమ్మిది పందుల దగ్గర కూడా ఆయన అయ్యో అనకపోయేసరికి, అప్పుడు చెయ్యి పట్టుకుని చూసింది. చల్లబడిపోయి ఉంది.

ఇది గుర్తుంచుకోండి, మీ తర్వాతివాళ్లకి చెప్పండి. చెప్పేటప్పుడు ఆ గ్లాసుని మాత్రం వదిలెయ్యకండి. మెట్టు మీద, ఆయన కుడిచేతికి అందేంత దూరంలో, మీగడ కట్టిన టీ, అంచు దాకా.