చూడని రెండు రోజులు

"ఆల్చిప్పలేగా, ఎక్కడికి పోతాయి? రెండ్రోజులు చూడకపోతే కొంపలేం మునిగిపోవు," అన్నాడు మా ఆయన ఫిన్నీ, తన చొక్కా ఇస్త్రీ అవుతుంటే పక్కన నిలబడి. ఇస్త్రీ చేస్తున్నది నేను. ఆదివారం మా మామగారి జ్ఞాపకార్థ కూడిక. చుట్టాలు శనివారమే దిగుతారు. క్యాటరింగ్‌కి చెబుదామంటే మా అత్తగారు సంపూర్ణమ్మ గారు, "ఆయన పేరు మీద బయటి కూడు పెడతామా, నువ్వుండగా?" అన్నారు. నువ్వుండగా అంటే మెచ్చుకోలని పెళ్లయిన కొత్తలో మురిసిపోయేదాన్ని. తొమ్మిదేళ్లయింది. ఇప్పుడేమీ అనుకోను, సరేనండీ అంటాను.

ఎక్కడికీ పోవు, నిజమే. చచ్చిపోతాయి. ఎప్పుడు చచ్చిపోతాయో చూడటమే నా ఉద్యోగం. కాలేజీ ల్యాబ్‌లో ప్రాజెక్టు అసిస్టెంటుని. కృష్ణ సముద్రంలో కలిసే చోట, నాగాయలంక వైపు నుంచి తెచ్చిన ఆల్చిప్పలు నాలుగు టబ్బుల్లో ఉంటాయి. ఎండాకాలం కిందికి నీళ్లు రాక ఉప్పు పైకి ఎక్కుతుంది, బ్యారేజీ గేట్లు ఎత్తితే ఉప్పు గబుక్కున తగ్గిపోతుంది. ఆ మార్పు చాలదన్నట్టు క్రీముల్లో, రంగుల్లో వాడే నానో జింకు, కంటికి కనపడనంత సన్నటి పొడి, నీళ్లలో కలిస్తే ఇవి తట్టుకుంటాయా అన్నది మా ప్రశ్న. మూడో టబ్బులో ఉప్పు తక్కువ, జింకు ఉంది. ముప్పై రోజులు, రోజూ గాజు పుల్లతో ఒక్కోదాన్నీ తాకాలి. తాకగానే నోరు మూసుకుంటే బతికున్నట్టు రాయాలి. మొదటిరోజు ఈ లెక్క విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆ శని, ఆదివారాలు ఇరవై ఒకటో రోజు, ఇరవై రెండో రోజు. నలభైమంది అనుకుంటే యాభై దాటారు. హాల్లో పాస్టరు గారు మా అత్తగారి ఓర్పు గురించి చెబుతుంటే వంటింట్లో మటన్ కలుపుతూ విన్నాను. భోజనాల దగ్గర ఫిన్నీ అందరి ముందూ, "కూరలో ఉప్పు తగ్గింది, ల్యాబ్ అనుకున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏమీ అనిపించలేదు. ఈ మధ్య నాకేదీ అనిపించటం లేదు. చేతిమీద నూనె చిందిన సంగతి సాయంత్రం బొబ్బ చూశాక తెలిసింది.

సోమవారం మూడో టబ్బులో ఉన్న పన్నెండు ఆల్చిప్పల్లో ఐదు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తాకితే కదల్లేదు. రిజిస్టరులో శని, ఆదివారాల గడులు ఖాళీ. రెండింట్లోనూ పన్నెండు, పన్నెండు అని రాసి, సోమవారానికి ఏడు అని రాశాను. ఎవరడిగినా బాగానే ఉన్నానని చెప్పటం నాకు అలవాటే కదా.

ప్రొఫెసరు రామకోటేశ్వరరావు గారు ఆ పట్టిక చూసి కుర్చీలోంచి లేచారు. "చూశావామ్మా స్టెల్లా, ఇరవై రెండు రోజులు నిబ్బరంగా తట్టుకుని ఇరవై మూడోరోజు ఒక్కసారిగా కూలిపోయాయి. ఇదేనమ్మా మన పేపరు. నీ ఉద్యోగం పొడిగించమని రేపే రాస్తాను. ఎంత శ్రద్ధగా చూశావు," అన్నారు. ఆ మాట తొమ్మిదేళ్లలో నన్నెవరూ అనలేదు. బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చాను. అవి ఒక్కసారిగా కూలిపోలేదు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటో రెండో పోయుంటాయి. చూసే మనిషి లేదు. చూడకుండానే అన్నీ బాగున్నాయని రాసింది నేనే.

సాయంత్రం ఫిన్నీకి చెప్పాను. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నోరు మూసుకుని ఊరుకో, ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు. రిమోట్ అందుకుంటూ, "ప్రయోగం మళ్లీ మొదలుపెట్టమంటే ఆదివారాలు కూడా వెళ్తావా ఏంటి?" అని అడిగాడు. వెళ్తానన్నాను. టీవీ సౌండు పెంచాడు.

మర్నాడు సారు రాకముందే భవానీపురం నుంచి మొదటి బస్సు పట్టుకుని వెళ్లాను. ఆ రెండు పన్నెండ్లనూ ఒక్క గీతతో కొట్టేసి, చూడలేదు అని రాసి, సంతకం పెట్టి తారీఖు వేశాను. పక్కన కారణం రాసే గడి ఉంది. జ్వరం, కరెంటు లేదు, సెలవు, ఇలాంటివే రాస్తారందులో అందరూ. నేను, ఆ రెండు రోజులూ మా ఇంట్లో వంట చేస్తున్నాను అని రాశాను.