చాయకు పోయినప్పుడు

సాయిలత కామారెడ్డి నుంచి మళ్ళ వస్తున్నదని ఫోన్ వచ్చింది. సిద్దిరాములు ముందుగాల ఫ్లాస్కు దించిండు. పెండ్లాం గంగామణి పోయినంక దానితోని పని పడలే. మూత తీస్తే పాత వాసన కొట్టింది. వేడినీళ్ళు పోసి ఊపి ఊపి కడిగి, అరుగు మీద ఎండకు బోర్లించిండు.

సాయిలతది మాచారెడ్డి. కొలువు కామారెడ్డిల. క్యాన్సర్ వచ్చినోళ్ళు ఇంట్ల ఎట్ల బతుకుతున్నరు, బువ్వ పోతున్నదా, నిద్ర పడుతున్నదా, మనసెట్లున్నది అని ఊర్లు తిరిగి అడిగి, మాటలు రికార్డు చేసుకపోవుడు ఆమె పని. గంగామణికి రొమ్ముల గడ్డ తేలి, పట్నంల ఆపరేషన్ చేయించుకోని ఎల్లారెడ్డికి వచ్చిన కాడి నుంచి నెలకోపారి వచ్చేది. మందు ఇయ్యదు, సూది ఇయ్యదు. ఉత్తగ అడుగుతది. మొదట్ల సిద్దిరాములుకు నవ్వొచ్చింది. అడిగినందుకు గూడ జీతమిస్తరా అనుకున్నడు.

మొదటిపారి వచ్చిన్నాడు ఆయన గడప మీదనే కూసున్నడు. నొప్పి ఉంటున్నదా అవ్వా అని ఆ పిల్ల అడిగితే, అంత ఏం లేదని ఆయన చెప్పిండు. నిద్ర పడుతున్నదా అంటే, గురక గూడ పెడుతున్నదన్నడు. గంగామణి ఒళ్ళె చాట పెట్టుకోని బీడీలు చేస్తున్నది. తల ఎత్తకుంటనే, ఆయన చెప్పినట్టే రాసుకో బిడ్డా అన్నది.

సాయిలత ఏం రాసుకోలే. బస్సుల వచ్చి గొంతు ఎండింది, జర చాయ దొరుకుతదా బాపూ అన్నది. ఇంటికి వచ్చిన పిల్ల చాయ అడిగితే లేదంటరా? ఫ్లాస్కు పట్టుకోని లేచిండు.

అప్పటి సంది అదే అలవాటైంది. సాయిలత గేటు కాడ కనపడుడు, ఈయన ఫ్లాస్కు తీసుడు. మూల మీద హోటల్ దగ్గర్నే ఉన్నది గని, ఆ చాయ నీళ్ళ లెక్క ఉంటది. ఈయన బస్టాండు కాడ యాకూబు హోటల్ దాక పోయేటోడు. పొద్దటి చాయ వద్దు, కొత్తగ పెట్టమనేటోడు. యాకూబు ఏడిపిచ్చేటోడు, ఏం సిద్దన్నా, మీ ఇంట్ల మళ్ళ మీటింగా, నిన్ను బయటికి పంపిన్రా అని. ఆడోళ్ళ ముచ్చట్లు మనకెందుకు భాయ్ అని నవ్వేటోడు సిద్దిరాములు. తిరిగొచ్చినంక గంగామణి ఎత్తిపొడిచేది. మిల్లుల ఇంతింత బస్తాలు మోస్తడు, ఫ్లాస్కు మోసుకరానీకె పొద్దు గుంకాలె అనేది. సాయిలత నవ్వేది. మంచి చాయ తెచ్చినందుకు ఆయనకు లోపల్లోపల గర్వంగనే ఉండేది.

ఒక్కపారి యాకూబు హోటల్ బంద్ ఉండె. సుట్టాలల్ల ఎవరో పోయిన్రట. సిద్దిరాములు ఖాళీ ఫ్లాస్కుతోని మర్లి వచ్చిండు. దర్వాజ దాక వచ్చేసరికి లోపలికెల్లి గంగామణి మాట వినపడ్డది. ఏం మాటనో సమజ్ కాలే. పెద్దగ లేదు, ఏడుస్తలేదు. గని ఆగుతలేదు. ఇంట్ల రెండు మాటలు అడిగితే ఒక్క మాట చెప్పే మనిషి. ఇప్పుడు తూము ఎత్తినంక పొలంలకు నీళ్ళు పారినట్టు పోతనే ఉన్నది. ఆయన చెప్పు గడపకు తగిలి చప్పుడైంది. మాట టక్కున తెగింది.

"చాయ దొరకలేదా?" అన్నది గంగామణి. చాటల ఆకు సర్దుకున్నది.

దొరకలేదన్నడు. ఆడోళ్ళ ముచ్చట అనుకోని, కడవల నీళ్ళు ముంచుకోని తాగిండు. గంతే.

వానలు పడంగనే గంగామణి పోయింది.

ఇయ్యాల సాయిలత వచ్చేసరికి ఆయన చాయ ముందే తెచ్చి పెట్టిండు. ఆ పిల్ల ఎప్పుడు కూసునే జాగలనే చాప మీద కూసున్నది. గోడ మొలకు తగిలేసిన గంగామణి చాట దిక్కు ఒక్కపారి చూసి, చూపు దించుకున్నది. చాయ తాగినంక, వచ్చిన పని మెల్లగ చెప్పింది.

అడిగే పని అయిపోయిందట. ఇప్పుడు అందరు చెప్పిన మాటలు పాడుగాకుంట ఒక్క కాడ పెట్టి దాస్తరట. పేరు తీసేస్తరు, ఊరు పేరు తీసేస్తరు, గొంతు తుడిచేస్తరు. చెప్పిన మాటలు రాసినయే ఉంటయి. వేరే రాష్ట్రాల డాక్టర్లు, చదువుకునేటోళ్ళు అడిగితే చూడనిస్తరు. మన దిక్కు ఆడోళ్ళు నొప్పి చెప్పరు, అందుకని వాళ్ళకు నొప్పి తక్కువనే అనుకుంటున్నరు, నొప్పి మందు గూడ అట్లనే తక్కువ పంపుతున్నరు అని చెప్పింది సాయిలత. బీడీలు చేసేటోళ్ళ మాటలు ఇట్లాంటియి ఎక్కడ లేవన్నది.

దీనికి ఒప్పుకుంటవా అని గంగామణిని గూడ అడిగిందట. ఆయన్ని అడుగు బిడ్డా, ఆయన ఎట్లంటే అట్ల, అన్నదట. కాయితంల ఆ జాగ అట్లనే ఖాళీగ ఉండిపోయింది. నువ్వు సరే అంటే ఉంటయి బాపూ, వద్దంటే మొత్తం తుడిచేస్తరు.

సిద్దిరాములు ఖాళీ గిలాసలు పక్కకు జరిపిండు.

"అంటే, నేను చాయకు పోయినప్పుడు చెప్పినయి."

"అవును బాపూ."

"ఏం చెప్పింది?"

సాయిలత తల దించుకున్నది. అది ఇంటోళ్ళకు చెప్పొద్దని రూల్ ఉన్నదన్నది.

"ఊరు గాని ఊరోళ్ళు చూడొచ్చు. కట్టుకున్నోన్ని నేను వినొద్దు." ఆయన గొంతు పెంచలే. ఎన్నడు పెంచే మనిషి గాదు.

"రూల్ ఒక్కటే అయితే ఏమన్న చేసేదాన్నేమో బాపూ. అవ్వ నా తోని మాట తీసుకున్నది. ఆయనకు మాత్రం చెప్పకు అన్నది."

"ఎందుకట?"

"అది గూడ అందులనే ఉన్నది."

ఆయనకు చెప్పకు అన్నదంటే ఆయన ముచ్చటనే అయ్యుండాలె. ఏం చేసిండు? చెయ్యి లేపలే. కల్లు తాగి వచ్చి లొల్లి పెట్టలే. పట్నం తీస్కపోయిండు, తీస్కొచ్చిండు. మరి ఏం చెప్పుకున్నది అంతసేపు? పేరు తీసినా మాటలుంటయి గద. ఎవరో చదువుకుంట, ఈమె మొగడు ఇట్లాంటోడా అనుకుంటరు గద. సాయిలత వస్తున్నదని చెప్తే, పిట్లంల ఉండే బిడ్డ అనిల గూడ పొద్దున ఫోన్ల అట్లనే అన్నది. అమ్మ ముచ్చట నలుగురి నోట్ల ఎందుకు బాపూ, రికార్డు చేసినయి తుడిచెయ్యమను, అని.

"తుడిచెయ్యి," అన్నడు.

సాయిలత ఎదురు చెప్పలే. సంచిలకెల్లి కాయితం తీసి, పెన్ను మూత తీసింది. బతిమాలుతదేమో అనుకున్నడు. బతిమాలలే. ఆ పెన్ను కాయితానికి తగులుతుంటే, ఆనాడు గడప కాడ తెగిన మాట మళ్ళ తెగినట్టు అనిపించింది ఆయనకు.

"ఆగు," అన్నడు. "ఆమె చెప్పింది చెప్పకు. నువ్వేం అడిగినవో అది చెప్పు. నీ ప్రశ్నలు గూడ దాచేటియా?"

కాదన్నది సాయిలత. ఇంకో కాయితం తీసి చదివింది. గడిచిన వారంల నొప్పి ఉండెనా?

ఉండె అన్నడు ఆయన. ఆయన్ని అడిగింది గాకున్నా నోట్లకెల్లి అట్ల వచ్చింది. ఆ దినాలల్ల గంగామణి చుట్టిన బీడీలు వదులుగ వస్తుండె. కార్ఖానాల సగం పక్కకు తీసేస్తుండ్రి. చెయ్యి కుదురుగ పెట్టరాదా అని కోపం చేసిండు. కుదురుగ లేనిది చెయ్యి గాదు, పానమే అని ఇప్పుడు తెలుస్తున్నది.

నొప్పికి నిద్ర చెడిపోయిందా? సాయిలత రెండో ప్రశ్న.

"పండుకునే ఉండేది. గోడ దిక్కు మొఖం పెట్టి, పక్కకు గూడ మర్లేది గాదు." అంటనే ఆగిండు. నిద్రపోయే మనిషి తెల్లారెదాక పక్కకు మర్లకుంట ఉంటదా? నాకు మెలకువ వస్తదని కదలకుంట ఉండెనేమో. పక్కన పండుకున్నోన్ని, నాకెందుకు తెలువలే?

నీ ఒళ్ళు నువ్వు చూసుకోబుద్ధి అవుతున్నదా?

గోడకు అద్దం ఉండేది. ఆపరేషన్ అయినంక అది కనపడలే. పలిగిందేమో అనుకున్నడు. గడ్డం గీయించుకోనీకె మంగలి దుకాణానికి పోవుడు మొదలుపెట్టిండు. ఆమె దినాలు అయినంక పెట్టె తీస్తే అద్దం అడుగున ఉన్నది, పాత చీరల చుట్టి. ఎక్కడ పలగలే.

ఇంటోళ్ళకు బరువైతున్న అనిపించిందా? ఒక్కపారి అన్నది, అని చెప్పిండు. నేను బరువైతున్న గద అన్నది. బస్తాలు మోసేటోనికి నువ్వొక బరువా అని నవ్విండు ఆయన. ఆమె గూడ నవ్వింది. మళ్ళ ఎన్నడు అనలే.

సాయిలత కాయితం దించింది. ఇంకొకటే ఉన్నది బాపూ, చదువాల్నా అన్నది. చదువమన్నడు.

"నీ బాధ చెప్పుకుందామంటే ఇంట్ల మనిషి ఉన్నడా?"

సిద్దిరాములు ఫ్లాస్కు దిక్కు చూసిండు.

"ఇది ప్రతిపారి అడిగినవా?"

"ప్రతిపారి."

"నేను చాయకు పోయినప్పుడు."

"అవును బాపూ."

బయట ట్రాక్టరు పోయింది. సిద్దిరాములు భుజం మీది తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు.

"ఉంచు," అన్నడు. "నేను వినలే. వినేటోళ్ళన్న విననియ్యి."

సాయిలత కాయితం ముందర పెట్టింది. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంట పేరు రాసిండు. రాసి, పెన్ను ఇయ్యకుంట పట్టుకోనే అడిగిండు.

"పేర్లు తీస్తమంటివి గద."

"తీస్తం బాపూ. నీ పేరు గూడ ఉండది."

"పేరు తియ్యిన్రి. నేను చేసింది తియ్యకున్రి. ఆమె ఎట్ల చెప్పిందో అట్లనే ఉండాలె."

సాయిలత తలూపింది. కండ్లు తుడుచుకోని, ఇగ ఒక్క పని మిగిలిందన్నది. గొంతు తుడిచే ముందు, రాసినయి సరిగ్గ ఉన్నయా లేవా అని రికార్డు పెట్టుకోని ఆఖరుపారి వినాలె. కామారెడ్డికి పోయి ఆఫీసుల వింటనన్నది.

సిద్దిరాములు లేచిండు. ఫ్లాస్కుల చాయ సగం అట్లనే ఉన్నది. ముంగిట్లకు పోయి పారబోసిండు. కొంచెం నీళ్ళు పోసి కడిగి మూత పెట్టిండు.

"ఆఫీసుల ఎందుకు, ఈడనే విను," అన్నడు. "చెవులల్ల వైర్లు పెట్టుకోకు. ఆమె గొంతు ఒక్కపారి ఇంట్ల వినపడనియ్యి. నేను చాయకు పోయొస్త."

సాయిలత ఏమో అనబోయింది. ఆయన అప్పటికే చెప్పులు తొడిగిండు. దర్వాజ దగ్గరికి ఏసిండు. గేటు దాటిందాక ఎనుకకు మర్లి చూడలే. సడక్ ఎక్కుతుంటే ఎనుక ఇంట్లకెల్లి సన్నగ మాట మొదలైంది. ఏం మాటనో వినపడ్తలేదు. పొద్దుగాల లేచినప్పుడు కొంచెం బొంగురుగ వచ్చేది గద, ఆ గొంతే. ఆయన కాళ్ళు ఒక్క ఘడియ నిలబడ్డయి. మళ్ళ నడిచినయి. మూల మీద హోటల్ దాటిండు, బస్టాండు దిక్కు పోయిండు.

యాకూబు దూరంకెల్లే చూసి, అలవాటు కొద్ది నోరు జారిండు. "ఏం సిద్దన్నా, మళ్ళ మీటింగా?" అని, అంతలనే యాదికొచ్చి నాలుక కర్సుకున్నడు.

"ఆ," అన్నడు సిద్దిరాములు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, స్టూలు గుంజుకోని కూసున్నడు. "మా ఆమె మాట్లాడుతున్నది."

యాకూబు గిన్నెల ఉన్న చాయ పక్కకు జరిపి, పొయ్యి మీద కొత్తగ పాలు పెట్టిండు.

"తొందర లేదు," అన్నడు సిద్దిరాములు. "మెల్లగ కానియ్యి."