సాలు తప్పని కలుపు

పూత మీదున్న శనగ పైరు పెరికేసి, ఆ జాగాలో కలుపు నాటిన మొగుడు జమ్మలమడుగు తాలూకా మొత్తానికి నాకొక్కదానికే దొరికాడు. ఆయన పేరు కృపావరం. నేను దేవకుమారిని. మా పెళ్ళిలో పాస్టరయ్య కష్టంలోనూ సుఖంలోనూ తోడుంటానని నాతో ఒట్టు పెట్టించాడే గానీ, కలుపు సంగతి ఎత్తనేలేదు.

మేము చేసేది కౌలు చేను. ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉన్న లక్ష్మీనరసయ్య శెట్టిది. ఆయన మాకిచ్చిన రోజున అది చేను కాదు, ఉత్త చౌడు. ఎండాకాలం వస్తే సున్నం చల్లినట్టు తెల్లగా పూసేది. విత్తనం వేస్తే మొలవదు, మొలిస్తే ఎదగదు. అందులో బతికేది పల్లేరొక్కటే. అది కూడా జానెడు పాకి, నాలుగు ముళ్ళు కాసి ఎండిపోయేది. "ఏమన్నా చేసుకోపోండి" అని శెట్టి చేతులు దులుపుకున్నాడు. రాతకోతలేమీ లేవు. ఉగాదికి ఉగాదికి నోటిమాటే.

మేము నిజంగానే ఏమన్నా చేశాం. జిప్సం చల్లాం, చెరువు మట్టి తోలాం. జీలుగ వేసి పూతకు రాగానే నేలలో కలిపి దున్నాం. ఎండాకాలమంతా గొర్రెల మందలను చేలోనే పడుకోబెట్టించి, కాపరులకు నేను సంగటి కెలికి పెట్టాను. పెళ్ళినాటి నా నడుము ఆ మట్టిలోనే పోయింది. ఏళ్ళు గడిచాక, చౌడంటే అస్సలు ఓర్చుకోని శనగ ఆ నేలలో గుబురుగా కమ్ముకుంది. పైరు నేలను కప్పేస్తే కలుపుకు వెలుతురే అందదు, ఇక మొలిచేదెక్కడ? ఆ ఏడు నేను కలుపుకు కొడవలి పట్టింది తక్కువ.

సరిగ్గా అప్పుడే శెట్టి కొడుకు భానుప్రకాష్ పులివెందులలో ఎవరిదో చీనీ తోట చూసొచ్చాడు. బత్తాయి కాయల మధ్య నిలబడి ఫోటో దిగాడు. అంతటితో రైతయిపోయాడు.

"పెండ్లిండ్ల బేరాలు అయినాక వచ్చే నెల వస్తాం కృపావరం" అన్నాడు శెట్టి ఫోనులో. "నేల బాగుంటే మావోడు చీనీ పెడతాడంట. ఇంకా చౌడే అయితే మీకే వదిలేస్తాంలే."

నాకు ఒళ్ళు మండిపోయింది. చెడ్డదైనంత కాలం మాది, బాగుపడిన మరుక్షణం వాళ్ళది! మా ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు.

"నేల బాగుంటేనే గదా తీసుకునేది" అన్నాడు చివరికి. "బాగలేనట్టు చూపిద్దాం."

ఎట్లా అని నేను అడిగేలోపే టీవీఎస్ బండి తీశాడు. ఎర్రగుంట్ల దారి పక్క చౌడు బీళ్ళలో దొరికిన పల్లేరు, వయ్యారిభామ కలుపు మొక్కలను వేళ్ళతో సహా తవ్వి, తడిపిన గోతంలో చుట్టి, బండికి కట్టి తెచ్చాడు. పక్క చేను షాహీదాబీ నవ్వు ఆపుకోలేక, "దేవమ్మా, మీ ఆయన వయ్యారిభామను బండెక్కించుకొని తిరుగుతాండాడు, చూసుకో" అని కేకేసింది. వచ్చిన వయ్యారిభామ మా ఆయనకు తుమ్ములు తగిలించింది. తుమ్ముతూనే రోడ్డు పక్క పట్టీలో శనగ పెరికాడు. తుమ్ముతూనే కలుపు నాటాడు. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. మా బర్రె మాత్రం ఆ పెరికిన శనగతో పండగ చేసుకుంది.

కారులోంచి చూసేవాళ్ళకు కలుపే కనపడాలి, దాని వెనక మోకాటి ఎత్తు శనగ కనపడకూడదు. అదీ ఆయన పథకం.

మధ్యలో పాస్టరయ్య అటుగా పోతూ మా చేను చూసి జాలిపడ్డాడు. బండి ఆపి, చేతులెత్తి, ఈ కుటుంబానికి పట్టిన కలుపును వేళ్ళతో సహా పెరికెయ్యమని దేవుణ్ణి గట్టిగా వేడుకున్నాడు. ప్రార్థనకు అందరికంటే ముందు ఆమేననే మా ఆయన ఆ రోజు నోరు కుట్టుకున్నాడు. తెల్లారి లేవగానే కలుపు ఉందో లేదో చూసిరావడానికి పరుగెత్తాడు.

ఉంది. ఉండటమా! చౌట్లో జానెడు దాటని పల్లేరు మా చేలో కీరదోస తీగలా సాగింది. వయ్యారిభామ నా రొమ్ముల దాకా లేచింది. పిలవకుండానే గలిజేరు దూరి, దళసరి ఆకులేసి పరుచుకుంది. గొర్రెల ఎరువు శనగ కోసమే వేశామని మేము అనుకున్నాం గానీ, మట్టికి ఆ తేడా తెలియదు, వేరు పెట్టినవాళ్ళందరికీ వడ్డిస్తుంది. ఆ పట్టీని ఆనుకుని ఉన్న శనగ సాలు తిండి చాలక పసుపుపచ్చగా తిరిగింది.

"చూస్తివా, మన నేల సత్తా!" అన్నాడు మా ఆయన మురిసిపోతూ.

"ఆ సత్తా దాచడానికే గదప్పా ఇంత చేస్తివి?" అన్నాను. ఆయన మురిపెం చప్పున ఆరిపోయింది.

ఆ వారమే కారొచ్చింది. భానుప్రకాష్ తెల్ల బూట్లతో దిగి, ఒకడుగు వేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది నాన్నా ఇది, అడివి! నేనొక వీడియోలో చూసినా, కలుపు ఎక్కువుంటే నేల వేస్టంట."

శెట్టి తల ఊపాడు. మా ఆయన చావుకొచ్చినోడిలా మొహం పెట్టి, "ఏం చేసినా కుదురుకోల్యా అప్పా" అంటూ తుమ్మాడు. ఆ తుమ్ము కూడా మాకు కలిసొచ్చింది. తండ్రీకొడుకులు కారెక్కబోతున్నారు. నేను అప్పటికే మనసులో స్తోత్రం చెప్పేసుకున్నాను.

కారు వెనక తలుపు తెరుచుకుంది. శెట్టి తల్లి జయలక్ష్మమ్మ దిగింది. జమ్మలమడుగులో చుట్టాలింటికి పోతూ ఊరికే వెంట వచ్చిన ముసలామె.

"ఒరే, గలిజేరు! పప్పులోకి ఎంత బాగుంటాదో" అంటూ చెప్పులు విడిచి చేలోకి దిగేసింది. నేను వెనకే పరుగెత్తాను.

"ముండ్లమ్మా, వద్దు. నేను కోసిస్తా."

ఆమె వినలేదు. వంగి ఒక మొక్క లాగింది. వేరుతోపాటు నల్లని మట్టి పొడిపొడిగా లేచొచ్చింది, అందులో ఒక వానపాము తోక ఆడిస్తూ ఉంది. జయలక్ష్మమ్మ దాన్ని చూసింది. తర్వాత కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది.

"ఏమ్మే, ఇవి ఎవరు నాటినారు?"

"కలుపు ఎవరు నాటుతారమ్మా? అదే మొలుస్తాది."

"అదే మొలిస్తే ఇట్ల సాలు పట్టి మొలుస్తాదా?"

అప్పుడు చూశాను నేను. అన్ని రోజులూ అదే గట్టున తిరుగుతూ కూడా చూడలేదు. వయ్యారిభామ సాళ్ళు తాడు పట్టి గీసినట్టు రోడ్డు పొడవునా తిన్నగా ఉన్నాయి. మొక్కకూ మొక్కకూ మధ్య ఒకటే ఎడం. పల్లేరుకు పాదులు. ప్రతి సాలు పక్కనా నీటి కాలువ! పుట్టినప్పటినుంచీ విత్తనం వేసిన చెయ్యి, మోసం చేయడానికి కూర్చున్నా వంకరగా నాటలేకపోయింది.

ఆమె వయ్యారిభామను పక్కకు తోసి చూసింది. వెనక మా శనగంతా కాయలు దిగి, నేల కనపడకుండా నిలబడి ఉంది.

అబద్ధం ఇంకొకటి దొరకలేదు.

"చౌడమ్మా ఇది. మేమే బాగు చేసుకున్యాం" అన్నాను. "ఇది పోతే ఇంకో చౌడు బాగు చేసే నడుము నాకు లేదమ్మా."

ఆమె చేతిలోని మట్టిని నలిపి చూసింది. అవతల మనవడు హారన్ కొట్టాడు.

"నేను కాపురానికి వచ్చినప్పుడు చూసినా దీన్ని" అంది. "ఊరికే ఇస్తామన్నా ఎవురూ తీసుకోకపాయిరి." మళ్ళీ హారన్ మోగింది. "మిద్దె మీది రోజా కుండీకి నీళ్ళు పోసే ఓపిక లేదు, వానికి చీనీ తోట కావాల్నంట."

గలిజేరు కోసి కొంగులో మూట కట్టుకుంది. వెళ్ళబోతూ నా చెవి దగ్గరకు వచ్చింది.

"ఇంకోసారి మీ ఆయన్ను నాటనీయొద్దు. నువ్వు నాటు. వంకరటింకరగా."

కారు దగ్గరకు పోయి, "ముండ్లు తప్ప ఏమీ లేవురా, పాండి" అంది. "మీరే చేసుకోండి కృపావరం, ఇంక ప్రతి ఉగాదికీ అడిగే పన్లే" అని అద్దంలోంచి చెప్పి శెట్టి వెళ్ళిపోయాడు. మా ఆయన నన్ను గట్టిగా పట్టుకుని మొహం మీదే తుమ్మాడు.

నేల మాకు మిగిలింది. కానీ ఇంత మంచి పైరు పండించి, రోడ్డున పోయేవాళ్ళెవరితోనూ ఇది మా కష్టమని చెప్పుకోలేకపోవడం నా గొంతులో ముల్లులా ఉంది. శెట్టి కారు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు గనక, ఈ ఏడు కూడా శనగ వేశాక రోడ్డు పక్క పట్టీ వదిలి, అందులో నేనే కలుపు నాటాను. ఇష్టం వచ్చినట్టు, తాగినోడు నడిచినట్టు. మా ఆయన గట్టు మీద నిలబడి గిలగిలలాడిపోయాడు.

"ఆ మొక్క పక్కకు పోయింది."

"పోనీ."

"ఆడ గుంపయినాయి, ఈడ ఖాళీ."

"ఉండనీ."

నేను నీళ్ళు తాగడానికి ఇటు తిరిగానో లేదో, ఆయన వంగి ఒక వయ్యారిభామను తీసి సాలులో పెట్టి, మొదట్లో మట్టి అదిమాడు. ఎంత ప్రేమగా అదిమాడో. నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి దాన్ని పెరికి, మళ్ళీ వంకరగా నాటాను.