తొంభై ఏడు మార్కుల ఫ్రెంచి

మేకలు కోసే ఎల్లేశు నిన్న పొద్దుగూకే వేళ బిడ్డను కత్తి తిరగేసి కొట్టాడని, ఆ పిల్ల ఏడవకుండా నిలబడే దెబ్బలు తిన్నదని, ఎదురింటి కట్టమ్మ బోరింగు దగ్గర చెప్పిందట. కట్టమ్మ మాటల్లో సగం కోసి పారేసినా మిగిలిన సగం నిజమే ఉంటుంది. కొట్టింది కత్తితో కాదు, తోలుపట్టాతో. కారణం ఫ్రెంచి.

తెల్లారి ఐదింటికల్లా ఎల్లేశు రెండో మేకను పడేశాడు. భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల ముందు రేకుల కొట్టు అతనిది. మోకాలితో డొక్కను అదిమి, ఎడమచేత్తో మూతి మూసి, కత్తి ఒక్కసారే లాగాడు. నెత్తురు తపేలాలోకి బుసబుసా దిగింది. కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా మోకాలు తీయలేదు. కొక్కేనికి తలకిందులుగా తగిలించి, తోలుకూ కండకూ మధ్య పిడికిలి దూర్చి ఒలిచాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. కుడి బొటనవేలికి గోరు లేదు, ముంజేతుల మీద తెల్లటి గాట్లు. ఎంత తోమినా చేతుల నీచు వాసన పోదు.

తొమ్మిదింటికి కొట్టు మూసి, స్నానం చేసి, తెల్లంగీ తొడుక్కుని, బిడ్డ కీర్తనను తీసుకుని బస్సెక్కాడు. జనగామ డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది. అక్కడ విదేశీ భాష ఒకటి తప్పనిసరి, ఏ మెట్టులో చేరేదీ ఇవాళే రాసివ్వాలి. తాను మొదటి మెట్టులో, అంటే ఏమీ రానివాళ్లతో కూర్చుంటానని నిన్న ఆ పిల్ల అన్నది. ఇంటర్ ఫ్రెంచిలో ఆమెకు తొంభై ఏడు. ఆ మార్కులొచ్చిన రోజు ఎల్లేశు వాడంతా కార్జం పంచాడు.

బస్సులో కీర్తన సీటుకు వీపు ఆనించలేదు. ఎల్లేశు అది చూసి కిటికీ వైపు తిరిగాడు. అతను ఏడో తరగతిలో చదువు మానినవాడు. ఇంటర్ రెండేళ్లూ రోజూ కొట్టు ముందు బిడ్డ ఫ్రెంచి పాఠం అప్పజెబుతుంటే పుస్తకం తాను పట్టుకునేవాడు. అందులో ఏముందో తెలియదు, ఆగితే మాత్రం తెలిసేది. ఆగితే తోలుపట్టా లేచేది. రెండో ఏడు వచ్చేసరికి కీర్తన ఆగడం మానేసింది.

కాలేజీలో ఫ్రెంచి చెప్పే విజయ్ సారు పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించాడు. సంతలో మేక నోరు తెరిచి పళ్లు చూసినట్టు చూస్తున్నాడని ఎల్లేశుకు అర్థమైంది. కీర్తన వేలు పేజీ మీద పెట్టి మొదలుపెట్టింది. ధారగా, ఊపిరి తీయకుండా చదివింది. ఎల్లేశు తల నిక్కించాడు.

"ఎక్కడన్న ఆగిందా సార్?" అన్నాడు.

"ఈ పేజీల ఉన్నది రైల్వే స్టేషన్ సంగతి," అన్నాడు సారు మెల్లగా. "ఆమె చెప్పింది పండ్ల దుకాణం పాఠం."

ఇంటర్‌లో ఫ్రెంచి చదివినవాళ్లు రెండో మెట్టులోనే కూర్చోవాలట. కిందికి దిగాలంటే భాష రాదని స్వయంగా రాసి, తండ్రితో సంతకం పెట్టించాలి. పోయినేడు మార్కులు చూసుకుని పైమెట్టులో కూర్చున్న ఇద్దరు పిల్లలు దసరాకే కాలేజీ విడిచి వెళ్లిపోయారని కూడా సారు చెప్పాడు. కీర్తన తెల్లకాగితం అడిగింది.

ఎల్లేశు చెయ్యి దానంతటదే లేచింది. దెబ్బకు పిల్ల తల గోడకు తగిలింది, కింది పెదవి పంటికి తెగి కాగితం మీద నెత్తురు పడింది. సారు లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. పోలీసులను పిలుస్తానన్నాడు.

"నా బిడ్డను నేను కొట్టుకుంట. నీకేంది సార్?"

కీర్తన వద్దని సారుకు తల అడ్డంగా ఊపి, చున్నీతో పెదవి నొక్కుకుని, ఆ కాగితం మీదే తనకు ఫ్రెంచి రాదని తెలుగులో రాసి తండ్రి ముందుకు జరిపింది. ఎల్లేశు తెరిచి ఉన్న పుస్తకం వైపు చూశాడు. తనకు తెలిసిన ఏబీసీడీలే. ఒక్క మాటా కూడలేదు. తలెత్తేసరికి బిడ్డ చూపు కూడా అదే పేజీ మీద, ఎక్కడా నిలవకుండా తిరుగుతోంది. అతను పెన్ను అందుకున్నాడు. కత్తి పట్టినట్టు పట్టి పేరు రాస్తే చివరి అక్షరం దగ్గర కాగితం చిరిగింది.

సారు ముద్ర వేసి, హాస్టల్ గది చీటీ ఇచ్చాడు. కీర్తన సంచి భుజానికి వేసుకోబోయి, వీపు మండి, చేతికి తగిలించుకుంది. ఇక దసరాకు గానీ ఇంటికి రాదు. గుమ్మం దాటుతుంటే ఎల్లేశు వెనక నుంచి అడిగాడు.

"మరి తొంభై ఏడు ఎట్లొచ్చినయే?"

ఆమె ఆగింది.

"నువ్వు కొడితె మార్కులొచ్చినయ్ బాపూ. ఫ్రెంచి రాలె."