ఈశాన్యం పిల్లరు

గవర్రాజుకి ఇనుము మీద ఉన్న నమ్మకం ఇంక దేని మీదా లేదు. స్టీలుప్లాంటులో ఉద్యోగం చేసి చేసి, మనిషి మాట కన్నా రాడ్డు మాటే నిజమని తీర్మానించేసుకున్నాడు. గోపాలపట్నం దాటి సింహాచలం కొండ కేసి పోయే దారిలో, లోపలి లేఅవుట్‌లో సొంతిల్లు మొదలుపెట్టాడు. ఐరన్ దిగిందో లేదో, దాని పక్కనే మడతమంచం వేసేశాడు. వానొస్తే తను తడిసినా ఫరవాలేదు గానీ రాడ్డు తడవడానికి వీల్లేదు. "మన ప్లాంటు ఐరన్ పడ్డాక ఇంటికి ఇంక సావేటి?" అని దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు. సిమెంటెంత, ఇసకెంత, నీళ్ళెంత అని మాత్రం ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. అదంతా బావమరిది చూసుకుంటాడని ధీమా.

ఆ బావమరిది జగ్గారావు. గవర్రాజు భార్య తాయారుకి తమ్ముడు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది తాయారే. ఇప్పుడు వాడు చుట్టుపక్కల నాలుగు కాలనీలకి తెలిసిన మేస్త్రీ. మేస్త్రీకి పేరే కూడు. ఫలానా ఇంట్లో పని పాడు చేశాడన్న మాట ఒక్కటి బయటికొచ్చిందా, ఇంక తాపీ అటక మీద పెట్టుకోవలసిందే. పైగా ఇది అక్క ఇల్లు. అందుకని జగ్గారావు మరీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తున్నాడు.

ఇక రామలక్ష్మమ్మ, గవర్రాజు తల్లి. శంకుస్థాపన రోజు పంతులు ఇంకో ముహూర్తానికి పరిగెత్తే తొందరలో ఉండి, ఆవిడ తెచ్చిన ముడుపు వేయించకుండానే గొయ్యి పూడ్పించేశాడు. ఆ బాధ ఆవిడ మనసులోంచి పోలేదు. ఈశాన్యం మూల పిల్లరు పోసే రోజు పొద్దున్నే కోడల్ని పెరట్లోకి పిలిచింది.

"ఈశాన్యంలో సింహాద్రప్పన్న కాయి పడకపోతే ఇల్లవుద్దేటే తాయారూ? నా కొడుకు నిప్పుల కాడ పనిసేత్తాడు. రేపేదైనా అయితే ఎవులు సెప్తారు జవాబు? పిల్లర్లో ఏసీయ్. నీ తమ్ముడికి సెప్పకు, ఆడు నవ్వుతాడు."

నిప్పుల దగ్గర పని అన్న మాటతో తాయారు ఇంక ఎదురు చెప్పలేకపోయింది. పెళ్ళయిన నాటి నుంచీ మొగుడు షిఫ్టుకి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడకి అదే దడ. ముడుపుకి గుడ్డ కావాలంటే ట్రంకుపెట్టెలోంచి పోయిన తండ్రి తవిటయ్య పంచె తీసి, ఆకుపచ్చ అంచున్న ముక్క చింపింది. పసుపునీళ్ళలో ముంచి, కొబ్బరికాయా చిల్లర రూపాయలూ పెట్టి గట్టిగా ముడేసింది.

పిల్లరు పోతకి చుట్టూ చెక్కలు బిగించిన బాక్సులో మొదటి తట్ట కాంక్రీటు ఇంటి ఆలుమగలే పోయాలి. అది వాళ్ళ ఆచారం. ఇద్దరూ పరంజా ఎక్కారు, పసుపూ కుంకుమా జల్లి మొదటి తట్ట పోశారు. గవర్రాజు దిగిపోయాడు. జగ్గారావు అవతల మిక్సర్ దగ్గర, నీళ్ళు ఎక్కువ కొడుతున్నవాడి మీద కేకలేస్తున్నాడు. తాయారు కొంగు చాటునుంచి ముడుపు తీసి, "అప్పన్నా, నువ్వే దిక్కు" అనుకుని రాడ్ల మధ్యలోంచి బాక్సులోకి వదిలేసింది. అడుక్కి జారిపోయిందనే అనుకుంది. ఆ వెంటనే తట్ట మీద తట్ట పడింది. అత్తాకోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని తృప్తిపడ్డారు.

పిల్లర్లు లేచాయి, బీములు పడ్డాయి, శ్లాబు పడింది. ఇంక గోడలకి పూత పెట్టాలనగా ఒక ఆదివారం గవర్రాజు చిన్న సుత్తి పట్టుకుని బయల్దేరాడు. ప్లాంటులో అలవాటు, ఏదైనా కొట్టి చూస్తే గానీ మనసు ఊరుకోదు. పిల్లరు పిల్లరుకీ ఆగి టక్కు టక్కుమని కొట్టుకుంటూ వస్తున్నాడు. ఈశాన్యం దగ్గర చప్పుడు మారింది. మళ్ళీ కొట్టాడు. డొల్ల. ఈసారి బలంగా కొట్టేసరికి నడుమెత్తున పైపూత పెచ్చుగా ఊడి పడింది. లోపల కన్నం. కన్నంలోంచి ఆయన కాపలా కాసిన రాడ్లు తుప్పు రంగుతో బయటికి చూస్తున్నాయి.

ఆ కేకకి టీ తాగుతున్న కూలీలంతా లేచి వచ్చారు. జగ్గారావు పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేట్రా జగ్గా? సిమెంటు మింగీసి, పైన మెత్తీసి, నా పెళ్ళాం పిల్లల్ని దీని కింద పొడుకోబెడదామనుకున్నావా?"

"బావా, బాక్సు ఇప్పినప్పుడే ఉంది కన్నం. ఎలాగొచ్చిందో నాకూ తెలీలేదు. నీకు సెప్పడానికి బయమేసి మూసీసినాను. సిమెంటు మాత్రం నాను ముట్టలేదు. అప్ప మీద ఒట్టు," అన్నాడు జగ్గారావు అక్కని చూపిస్తూ.

"మూసీసినావు కదా! తప్పు సెయ్యనోడు ఎందుకు మూత్తాడ్రా?"

జగ్గారావు కన్నం కనబడిన రోజే చెప్పాల్సింది, శ్లాబు బరువు పడకముందే కొట్టేసి పోయాల్సింది. అక్క ఇంట్లో మాట పడలేక రిచ్‌గా సిమెంటు కలిపి పూడ్చేసి, గట్టిపడిపోతుందిలే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ తప్పు తప్పే, దాన్ని వెనకేసుకొచ్చేది లేదు. కానీ అందరి కన్నా పెద్ద దెబ్బ తాయారు కొట్టింది.

"సిగ్గు నేదురా నీకు? పెంచిన సేతులకి ఇదేనేట్రా నువ్వు పెట్టిన కూడు?"

జగ్గారావు తల దించుకున్నాడు. ఒట్టు అన్న మాట ఇంక ఎత్తలేదు.

ప్లాను గీసిన ఇంజనీరు అనిరుధ్ వచ్చి, ఫోన్ లైటు కన్నంలోకి వేసి చూసి పెదవి విరిచాడు. "ప్యాచ్ వర్క్ కుదరదండీ. పైనంతా లోడ్ పడిపోయింది. బీముల కింద జాకీలు బిగించి, ఈ పాడైన భాగమంతా కొట్టేసి మళ్ళీ పోయాలి. కొట్టేటప్పుడు జాగ్రత్త. జాకీ ఒక్కటి జారిందంటే కింద ఉన్నవాడు దక్కడు."

ఆ మాట విన్నాక కూలీల్లో ఎవరూ ముందుకి రాలేదు. జగ్గారావే ఉలి తీసుకున్నాడు. "నాను పోసింది నానే కొడతాను. మీరంతా బయట ఉండండి."

వద్దని తాయారు అనాలనుకుంది. అనలేదు. కోపం ఇంకా చల్లారలేదు. చేతిలో చెంబు పట్టుకుని గుమ్మం కాడ నిలబడింది. గవర్రాజు అవతలి వైపు జాకీలు కదులుతున్నాయేమోనని వాటినే చూస్తున్నాడు. ఉలి దెబ్బకి బెడ్డలు రాలుతున్నాయి. బెడ్డ రాలినప్పుడల్లా బీము కింద జాకీ కిర్రుమంటోంది, తాయారు అప్పన్నని తలుచుకుంటోంది. ఏ అప్పన్నని తలుచుకుంటోందో ఆ అప్పన్న కాయే ఆ పిల్లర్లో ఉందని ఆ పిచ్చితల్లికి అప్పటికీ తట్టలేదు.

ముందు పీచు వచ్చింది. తర్వాత నల్లబడ్డ టెంక ముక్క. జగ్గారావు ఉలి పక్కన పెట్టి చేత్తో లాగాడు. సిమెంటు పట్టి అట్టకట్టిపోయిన గుడ్డ, అక్కడక్కడా పసుపు. ఒక చివర ఆకుపచ్చ అంచు. ముడుపు అడుక్కి జారలేదు. రాడ్లకి చుట్టిన రింగుల మధ్య ఇరుక్కుపోయింది. పైనుంచి పోసిన కాంక్రీటు దాని కిందకి దిగలేకపోయింది.

వాడు ఆ అంచు కేసి చూశాడు. తర్వాత అక్క కేసి చూశాడు. నాన్న పంచెని ఇద్దరూ గుర్తుపట్టారు.

జగ్గారావు భుజం మీది తువ్వాలు తీసి గుడ్డ మీద కప్పేశాడు. "అప్పా, ఆ సెంబులో నీల్లు దుమ్ము పడిపోనాయి. వేరేవి అట్టుకురా."

ఎందుకు వెళ్ళింది? నిలబడి ఒక్క మాట చెప్పేస్తే పోయేది కదా! కానీ కాళ్ళు పంపు దగ్గరికి తీసుకుపోయాయి. చెంబు నిండిపోయి నీళ్ళు చేతుల మీదుగా కారిపోతున్నా అలా నిలబడిపోయింది. తిరిగొచ్చేసరికి అయిపోయింది.

"సిమెంటు తగ్గించినాను బావా. తప్పయిపోనాది," అంటున్నాడు జగ్గారావు, నేల చూపులు చూస్తూ.

"ఇన్నారా? అందరూ ఇన్నారా?" అని గవర్రాజు కూలీలని పేరుపేరునా పిలిచి సాక్ష్యం పెట్టుకున్నాడు. జగ్గారావు తువ్వాలు మూట చంకలో పెట్టుకుని అక్క చేతిలో చెంబు అందుకున్నాడు. నీళ్ళు తాగి చెంబు ఇచ్చేశాడు. అక్క మొహం కేసి మాత్రం చూడలేదు.

ఆ పూట గవర్రాజు అన్నానికి కూర్చోగానే తాయారు మొత్తం చెప్పేసింది. ముడుపు, పంచె, బాక్సు, అన్నీ. గవర్రాజు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆపాడు.

"తమ్ముణ్ణి ఎనకేసుకొత్తన్నావా? ఆడే ఒప్పుకుంటే నువ్వు కాదంటావేటి? ఏదీ ఆ గుడ్డ? సూపించు."

"ఆడే అట్టుకుపోనాడు. కావలిస్తే అత్తనడుగు."

రామలక్ష్మమ్మ విస్తరాకులు తుడుస్తోంది. తుడుస్తూనే ఉంది. "నాకేటి తెల్సు నాయినా? కాయి కొండెక్కి కొట్టమన్నాను గానీ, పిల్లర్లో ఎయ్యమని ఎవులైనా సెప్తారా?"

తాయారుకి ఏడుపు కూడా రాలేదు. పెరట్లోకి పోయి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఎందుకలాగ ఒప్పుకున్నావురా? నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకున్నావు కదరా!"

"నువ్వు ఆ ఇంట్లో బతకాల గదప్పా," అన్నాడు వాడు. "మూసీసిన తప్పు ఎలాగూ నాదే. సగం తప్పు మోత్తన్నాను, ఆ మిగతా సగం కూడా నెత్తినెట్టుకున్నాను. అంతే."

పిల్లరు మళ్ళీ పోశారు, వేరే మేస్త్రీ వచ్చాడు. గవర్రాజు ఊరుకున్నాడా? ప్లాంటు బస్సులో, టీ కొట్టులో, కూరల బజార్లో, ఎక్కడ నలుగురు కనబడితే అక్కడ సొంత బావమరిది సిమెంటు మింగిన కథ చెప్పాడు. ఒప్పుకున్న పని ఒకటొకటిగా జగ్గారావు చేయి జారిపోయింది. చివరికి రుషికొండ వైపు ఎవరో కడుతున్న ఇళ్ళ దగ్గర, వేరే మేస్త్రీ కింద కాంక్రీటు కూలీగా చేరాడు. నలుగురికి పని చెప్పినవాడు ఇప్పుడు తట్ట మోస్తున్నాడు. ఆ సంగతి విన్న రోజు తాయారు పొయ్యి వెలిగించలేదు.

గృహప్రవేశం రోజు వచ్చింది. పందిరి, మామిడాకులు, ఫోటోలు. వచ్చినవాళ్ళందరికీ గవర్రాజు రాడ్ల కబుర్లే చెబుతున్నాడు. అప్పుడు జగ్గారావు భార్య ధనలక్ష్మి పళ్ళెంలో కొత్త బట్టలు పట్టుకుని వచ్చింది. గేటు దాటి లోపలికి రాలేదు.

"పుట్టింటోల బట్టలు నేకుండా నువ్వు గడప దాటకూడదని మీ తమ్ముడు పంపించినాడొదినా," అంది. గొంతులో కోపం దాచుకోలేదు. "మా ఇంట్లో పొయ్యి ఎలగకపోయినా నీకు సీర రావాల గదా." పళ్ళెం చేతిలో పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

చీర మడత విప్పేసరికి లోపల ఇంకో గుడ్డ ఉంది. ఉతికి మడతపెట్టిన పంచె ముక్క. ముడిలో ఆ రూపాయలే. కొండకి మొక్కు చెల్లించుకోమని కాబోలు, వాడు పంపేశాడు. ఎంత ఉతికినా సిమెంటు మాత్రం పోలేదు, నేతలో రాయిలా గడ్డకట్టి ఉంది.

గవర్రాజు దేవుడి పటం పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. పక్కన నిలబడాల్సిన తాయారు ఒక చేత్తో కలశం పట్టుకుని వచ్చి, ఆ గుడ్డ ఆయన చేతిలో పెట్టింది. ఆ పంచె మామగారికి గవర్రాజే ఒక దసరాకి పెట్టాడు. బొటనవేలితో సిమెంటు గడ్డని రుద్ది చూశాడు. తల్లి వైపు తిరిగాడు. గుమ్మం ముందు కొట్టాల్సిన కొబ్బరికాయ పట్టుకుని రామలక్ష్మమ్మ నేల కేసి చూస్తోంది.

"లోపలికి నడు," అన్నాడు గొంతు తగ్గించి. "ముహూర్తం దాటిపోద్ది. తరవాత మాటాడుకుందాం."

తాయారు కలశం అరుగు మీద పెట్టి, కొత్తింటి మెట్టు మీద కూర్చుంది.

"మా తమ్ముడొచ్చి ఆడి సేతుల్తో నాకు బట్టలెడితేనే లెగుత్తాను. నలుగుర్లో ఆణ్ణి దొంగన్నారు. ఆ నలుగురూ ఇక్కడే ఉన్నారు."

పంతులు అచ్యుతరామయ్య వాచీ చూసుకుని నసిగాడు. తాయారు కదల్లేదు. గవర్రాజు జేబులోంచి ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టాడు. అవతల మిక్సర్ రొద.

"జగ్గా," అన్నాడు. "గుడ్డ సూసినాన్రా. బేగి రా. నువ్వొత్తే గానీ మీ అప్ప గడప దాటదంట."

రొదలో వాడు విన్నాడో లేదోనని అందరూ చెవులు రిక్కించారు. విన్నాడు.

"నాను రానేను బావా. పిల్లర్లు పోత్తన్నాం. ఇప్పుడు మద్దెలో ఒగ్గీసి వొచ్చీసినానంటే జాయింటు పడి పిల్లరు సరిగ్గా అతకదు. ఎవులి ఇల్లో ఏటో, వాళ్ళూ పిల్లల్తో పొడుకోవాల గదా. అప్పని లోపలికెల్లమను." ఫోన్ పెట్టేశాడు.

ముహూర్తం దాటిపోయింది. పొంగించాల్సిన పాలు గిన్నెలో అలాగే ఉన్నాయి. గవర్రాజు గుడ్డ పట్టుకుని మెట్టు దగ్గరికి వచ్చి, "పని అయ్యేసరికి సాయంత్రమైపోద్ది తాయారూ" అన్నాడు బతిమాలుతున్నట్టు.

"అవనీ," అంది తాయారు. "పరాయోల ఇంటి కోసం ఆడు నిలబడ్డాడు. ఆడి కోసం నాను కూకోనేనా?"